అత్త పేరు పలికిన ఆదివారం

ఏడేళ్ళ కాపురంలో మా అత్త పేరు ఒక్కసారి కూడా నా నోటితో పలకలేదు. మా వేపు కోడళ్ళు పలకరు, అంతే. రేషన్ షాపులో అడిగినా కార్డు చూపిస్తాను గానీ పేరు చెప్పను. అలాంటిదాన్ని మొన్న ఆదివారం ఫోన్లో లైవ్ పెట్టి, అంతమంది చూస్తండగా గట్టిగా పలికేను. కూర్చోండి, టీ తాగుతూ వినండి.

మా చోడవరంలో నేనూ అత్తా కలిసి పాలకోవా చేసి అమ్ముతాం కదా. కలిసి అంటే, పాలు పితికేది ఆవిడ, పొయ్యి దగ్గర కోవా తిప్పేది ఆవిడ, ఫొటో తీసి స్టేటస్ పెట్టేది నేను. ఆర్డర్లు పెరిగేయి, ఒక్క గేదె పాలు చాలట్లేదు. లోను కోసం తిరిగే ఓపిక నాకు లేదు. ఫోన్లో ఓ వీడియో చూసేను, క్రౌడ్‌ఫండింగ్ అట. మన ఐడియా నచ్చినవాళ్ళు తలో కొంచెం వేస్తారు, బదులుగా మనం ఏదో ఒకటి ఇస్తాం. ఇంకేటి, పేజీ తెరిచేసేను. కొంచెం ఇచ్చినవాళ్ళకి కోవా పేకెట్టు. బాగా ఇచ్చినవాళ్ళకి దూడకి పేరు పెట్టే ఛాన్సు. అందరికన్నా ఎక్కువ ఇచ్చినవాళ్ళకి గేదెకే పేరు పెట్టే ఛాన్సు. కింద షరతు కూడా రాసేను, పెట్టిన పేరు ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చబడదు అని. నా తెలివికి నేనే మురిసిపోయేను.

వైజాగులో సెటిలైన మన ఊళ్ళవాళ్ళు చాలామంది వేసేరు. కోవా అడిగినవాళ్ళే గానీ దూడ జోలికి ఎవరూ రాలేదు. నెల తిరక్కుండా వడ్డాదిలో గేదెనీ దూడనీ కొనేసేం.

ఆదివారం నామకరణం. అత్త పొద్దున్నే గేదెకి స్నానం చేయించి, కొమ్ములకి పసుపు రాసి, హారతి పళ్ళెం పట్టుకుని నిలబడింది. అందరికన్నా ఎక్కువ ఇచ్చినవాళ్ళెవరో, గేదెకి ఏ పేరు రాసేరో నేను ముందు చూళ్ళేదు. సస్పెన్సు ఉండాలి కదా. లైవ్ ఆన్ చేసి, అప్పుడు మెసేజ్ తెరిచేను.

ఎక్కువ ఇచ్చింది ఎవరో కాదు, అత్త సొంత తమ్ముడు, గాజువాక బాబాయి. రాసిన పేరు వరాలమ్మ. అంటే మా అత్త పేరు.

కామెంట్లలో పేరు చెప్పండి మేడం, పేరు చెప్పండి అని ఒకటే గోల. చెప్పకపోతే డబ్బులు తీసుకుని మోసం చేసేనంటారు. చెప్తే ఇంట్లో నాకు మంచినీళ్ళు కూడా పుట్టవు. అత్తకి చదువు రాదు, హారతి ఆరిపోతందని ఆవిడ తొందర.

"సెప్పవేటే, నోరు పడిపోయిందా?"

"లోపలికెళ్ళి చెప్తానత్తా."

"గేదె ఇక్కడుంటే లోపలికెందుకే? సెప్పు."

కళ్ళు గట్టిగా మూసుకుని చెప్పేసేను. తెరిచేసరికి అత్త పళ్ళెం కింద పెట్టేసింది. ఎవడు పెట్టేడని అడిగింది. మీ తమ్ముడేనన్నాను. నన్నూ గేదెనీ మార్చి మార్చి చూసింది.

"అయితే నీ వరాలమ్మని నువ్వే పితుక్కో" అని లోపలికి పోయింది. లైవ్ ఇంకా నడుస్తనే ఉంది, నేను ఆపలేదు.

నాకు పితకడం రాదు బాబూ. సాయంత్రం దగ్గరికెళ్తే బకెట్ ఒక పక్క, నేనొక పక్క పడ్డాం. రెండ్రోజులు పక్కింటావిడ కాళ్ళు పట్టుకుని పాలు పితికించేను గానీ, అత్త పొయ్యి దగ్గరికి రాకపోతే కోవా తిప్పడం ఎవరికొచ్చు? పేకెట్లు ఎప్పుడని డబ్బులేసినవాళ్ళు మెసేజులు. వ్యాపారం గేదెకి పేరు పెట్టినరోజే మునిగిపోయిందనుకున్నాను.

మూడోరోజు అత్త, తమ్ముణ్ణి తిట్టడానికి ఫోన్ కలపమంది. స్పీకర్లో పెట్టేను. తిట్లన్నీ విన్నాడు బాబాయి. విని నెమ్మదిగా అన్నాడు, "ఇంట్లో ఉన్న గ్లాసుడు పాలూ నాకు పోసేసి నువ్వు గంజి తాగేదానివి కదక్కా. పాలంటే నాకు నువ్వే గుర్తొస్తావు. ఇంకేటి పేరు పెట్టమంటావు?"

అత్త ఫోన్ నా చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుని, బకెట్ తీసుకుని గేదె దగ్గరికెళ్ళిపోయింది. నాక్కూడా ఏడుపొచ్చింది. హమ్మయ్య, బతికేనురా దేవుడా అనుకున్నాను.

పాలు పితికొచ్చి, దూడకి ఎవులైనా పేరు పెట్టేరా అని అడిగింది. ఇంకా లేదన్నాను. కొంగుముడి విప్పి నోట్లు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇంద. శిరీష అని పెట్టు."

"అది నా పేరు కదత్తా."

"తెలుసు."

కాళ్ళా వేళ్ళా పడ్డాను, వేరే ఏ పేరైనా పెడతానన్నాను. ఆవిడ పొయ్యి మీద పాలు పెడుతూ వెనక్కి కూడా తిరగలేదు. "ఒకపాలి పెట్టేక మారదని నువ్వే రాసేవట కదా. నా కొడుకు సదివి సెప్పేడు."

నా షరతు, నా పేజీ. అప్డేట్ కూడా నేనే టైపు చేసేను, దూడ పేరు శిరీష అని. మొదటి లైకు మా ఆయనది.