అక్క కోసం కొన్న సోలార్ లైటు

జాతరకు పోయి అడవిలో గుడారం వేసుకున్నాం. చూపు మందగించిన మా అక్క కోసం వరంగల్‌లో సోలార్ లైటు కొన్నాను. డబ్బా మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, పొద్దంతా ఎండలో పెట్టాను. చీకటి పడ్డాక నొక్కితే వెలగలేదు. నేను స్నానానికి పోయినప్పుడు మా కొడుకు దానికి సెల్లు తగిలించి, వీడియోలు చూడటానికి చార్జింగంతా గుంజుకున్నాడు.

బయటికి నడిచిన అక్క, ఎవరో కోళ్లు కోసి పారేసిన పేగుల్లో వట్టికాలు పెట్టింది.

"థూ! మెత్తగ తగుల్తాంది, ఏందిరా తమ్మీ?"

కొడుకు సెల్లు లైటు వేశాడు. "జర చూస్కొని నడువాలె గదత్తమ్మా!"

నేను వాడి చెయ్యి పట్టుకుని ఆ వెలుగును అక్క కాలి మీదికి తిప్పాను.

"నోర్ముయ్! ఆ వెలుగు నీది గాదు, ఆమెది. సక్కగ పట్టు."

అక్క కాలు కడగడం అయ్యేదాకా వాణ్ని ఆ కంపులోనే నిలబెట్టాను.