నాయిన మాట ఆగిన నాలుగో చుట్టు

బైపాస్ ఆపరేషన్ అయి నెల దాటిన మా నాయినను ఈ రోజు పొద్దున బిజినేపల్లి నుంచి నాగర్‌కర్నూల్‌కు ఫిజియోథెరపీకి తీసుకపోయిన. అక్కడ మెడ నిలవని పసిపాపకు, పక్షవాతం వచ్చిన అవ్వకు, మోకాలు దెబ్బతిన్న కబడ్డీ అమ్మాయికి ఒక్కొక్కరికి ఒక్కో తీరు వ్యాయామం చేయిస్తున్నరు. నాయిన నా చెవిలో, "కోసింది గుండెకు గద బిడ్డా, కాళ్లు మంచిగనే ఉన్నయి. గీడికెందుకు తెచ్చినవ్?" అన్నడు.

థెరపిస్ట్ మేడం విననే విన్నది. "గుండెకు గూడ వేరే ఫిజియోథెరపీ ఉంటది పెద్దాయనా. మాట్లాడుకుంట నడువుండ్రి. మాట్లాడనీకె ఊపిరి చాలకుంటే ఆగాలె" అన్నది.

నెల రోజులుగా మేం ఆయనను నీళ్ల చెంబు గూడ ఎత్తనియ్యలే. ఇప్పుడేమో వరండాలో చుట్లు తిరగమన్నరు. ఎందుకైనా మంచిదని ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొని వెనకాలే పోయిన. రోజుకు పది మాటలు మాట్లాడని మనిషి వేరుశనగ గురించి, బోరు మోటర్ గురించి, మా మేనత్త పెండ్లి గురించి చెప్పుకుంట నడిచిండు. నాలుగో చుట్టులో ఉన్నట్టుండి మాట ఆగింది. నా పానం పోయినంత పనైంది. కుర్చీ ఆయన వెనక పెట్టి, "నాయినా! ఊపిరాడ్తలేదా?" అని అరిచిన. మేడం ఉరికొచ్చి నాడి పట్టుకుంది.

"ఏం గాలే. చెప్పనీకె ముచ్చట్లు అయిపోయినయి" అన్నడు నాయిన.

అందరూ నవ్విన్రు. నేను మాత్రం ఆయన కోసం తెచ్చిన కుర్చీలో కూసున్న. ఎల్లుండి ఆరు చుట్లట. అంత దూరానికి సరిపడే ముచ్చట్లు మీ దగ్గరుంటే జర కింద రాయుర్రి.