మా ఆయన పట్టిన బంతి

క్రికెట్ అంటే నాకు ఒళ్లుమంట. టీవీలో కనిపిస్తే చాలు, లేచి వంటింట్లోకి పోతాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

ఆ ఏడు మనకి ఎన్నికలొచ్చాయి. అప్పుడు నేను దుబాయ్ పక్కన అజ్మాన్‌లో ఓ ఇంట్లో పనిచేస్తున్నాను. రెండేళ్ల ఒప్పందం అయిపోయి ఎనిమిది నెలలైంది. నా పాస్‌పోర్టేమో కఫీల్, అంటే నన్ను పనికి తెప్పించుకున్న యజమాని, బీరువాలో ఉంది. ఎప్పుడడిగినా "బుక్రా" అంటాడు, రేపట. ఆ రేపు ఎన్నిసార్లు తెల్లారిందో లెక్కలేదు. ఈలోగా మా పిల్ల ఫోన్లో నన్ను "బాగున్నారాండీ" అనడం మొదలెట్టింది. కన్నతల్లిని పట్టుకుని అండీ ఏమిటి! ఆ పూట అంట్లు తోముతూ ఏడ్చాను.

పక్కింట్లో పనిచేసే అక్క మా గోదావరి మనిషే. వాళ్ల తమ్ముడు మా ఎమ్మెల్యే వెనకాల తిరుగుతాడు. అక్క చెప్పించగా ఆ పెద్దాయన నా గురించి ఎంబసీకి ఉత్తరం రాశాడు. "మళ్లీ గెలవనివ్వండి, ఢిల్లీ వెళ్లి నేనే మాట్లాడతాను" అన్నాడట. ఇంకేం, ఇక్కడ డాబా మీద బట్టలారేస్తూ అక్కడి ఎన్నికల కోసం దేవుళ్లందరికీ మొక్కేశాను.

ప్రతి శుక్రవారం మా ఆయన ఊళ్లో ఫోను బూత్ దగ్గర నా కోసం కూచునేవాడు.

"మావా, ఓటు పాతాయనకే వెయ్యి."

"ఎందుకే?"

"వెయ్యమంటే వెయ్యి. అన్నిటికీ ఎందుకేంటి?"

తర్వాతి శుక్రవారం ఫోనెత్తగానే ఒకటే గోల. అవతలి అభ్యర్థి కోసం ఓ పెద్ద క్రికెట్ ఆటగాడు మా ఊరొచ్చాడట. జీపు మీద నిలబడి జనంలోకి రబ్బరు బంతులు విసిరాడట. మా ఆయన ఒంటిచేత్తో ఒకటి పట్టాడట!

"నా వంక చూసి చప్పట్లు కొట్టాడే!"

"ఏం చెప్పాడేంటి?"

"హిందీలో ఏదో అన్నాడు. ఎవడికర్థమైంది?"

"మరి ఓటు?"

"అంత గొప్పోడు పనిగట్టుకుని మన ఊరొచ్చి అడిగితే కాదంటామా?"

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ ఆటగాడికి మా ఊళ్లో రేషన్ కార్డుందా? మా పేటలో ఎవరికేం కావాలో వాడికేం తెలుసు? వచ్చాడు, విసిరాడు, పోయాడు. "పాతాయనకే వెయ్యి, నా మీద ఒట్టు!" అని అరిచాను. ఇంతలో ఫోను కార్డులో డబ్బులైపోయి లైను కట్టయింది.

పెద్దాయన ఓడిపోయాడు. అక్క వెనక గేటు దగ్గరకొచ్చి ఆ సంగతి చెప్పింది. "మా తమ్ముడింక ఎవరి కాళ్లు పట్టుకుంటాడే?" అంది.

ఆ శుక్రవారం ఫోన్ చేస్తే మా ఆయన గొంతులో పండగ. "మనమే గెలిచాం! బంతి పట్టినోణ్ణని నన్నే ముందు నడిపించి ఇంటింటికీ తిప్పారు. పేట పేటంతా నేను చెప్పినట్టే నొక్కింది తెలుసా!"

నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. నీ బంతి మండిపోను, నీ చెయ్యి విరిగిపోను అన్నాను. అతనికీ కోపమొచ్చింది. "ఎవడు గెలిస్తే నీకేంటే? నువ్వేమైనా ఇక్కడున్నావా?"

దుబాయ్ వచ్చిన వాళ్లం అందరం ఇంతే. చెయ్యి కాలినా, జీతం ఆగినా ఇంటికి చెప్పం. అక్కడ బూత్‌లో పదిమంది వింటుంటారు, మగాడు తలెత్తుకోలేడని మా భయం. పాస్‌పోర్టు ఇవ్వట్లేదని నేనూ చెప్పలేదు. "మేడమ్ ఇంకొన్నాళ్లు ఉండమంది" అని బడాయిగా చెప్పుకొచ్చాను. అక్కనీ నోరెత్తొద్దన్నాను.

ఆ రోజు మాత్రం ఆగలేకపోయాను. బీరువా, ఉత్తరం, ఢిల్లీ, అన్నీ ఏకబిగిన చెప్పేశాను.

 

"ఆ ముక్క ముందే చెప్పలేకపోయావా?" అన్నాడు.  "పేటంతా నా మాట విందే. పాతాయనకి నొక్కమంటే ఆయనకే నొక్కేవాళ్లు."

ఇల్లు చేరడానికి నాకు ఇంకో ఏడాదిన్నర పట్టింది.