చెదిరిన గుంపును పిలిచేవాడు

"వాడికి పక్షి కావాలి. నీకు చెవులు కావాలి. ఆ ముక్క వాడితో చెప్పి మరీ తీసుకెళ్ళు!"

"మెల్లగా అక్కా, బయటికి వినబడుద్ది."

"వినబడుద్దనేగా వాణ్ణి తీసుకెళ్తున్నావ్!"

టావిస్ వసారా మెట్ల మీదే ఆగిపోయాడు. చేతిలో అరువు తెచ్చిన తుపాకీ, నెత్తిన ఎర్ర టోపీ. తలుపు కొట్టాలో వెనక్కి పోవాలో తోచలేదు. అతనికి కావలసిందల్లా వేటలో తన మొదటి టర్కీ కోడి. లోపల ఇద్దరు ముసలివాళ్ళు, డెంజిల్ పకెట్, ఆయన అక్క వెస్టా, చచ్చిపోయిన తమ్ముడి గురించి కొట్లాడుకుంటున్నారు.

"రోలీ నీకొక్కడికే తమ్ముడా? నాకు కాడూ? సమాధి మీద పువ్వులు పెట్టి నేను ఊరుకోలేదూ? నువ్వేమో ఆకులు రాలడం ఆలస్యం, ఆ కొండెక్కి కూచుంటావ్."

"పిలిస్తే పలుకుతున్నాడక్కా. పలికేవాణ్ణి ఎట్లా వదిలెయ్యను?"

"పలికినా నీకిప్పుడు వినబడదు కదరా!"

"అందుకేగా ఈ కుర్రాడు."

తలుపు తెరుచుకుంది. వెస్టా వస్తూనే టావిస్ నెత్తిన టోపీ లాగేసింది. "మగ టర్కీ తల రంగిది. ఇది పెట్టుకుని అడివికి పోతావా? పొదల్లో ఇంత ఎరుపు కనబడితే చాలు, ముందు కాలుస్తారు, తర్వాత చూస్తారు." ఆ మాట అన్నది టావిస్‌తో కాదు. డెంజిల్ వంగి బూటు తాడు కట్టుకుంటూ ఉండిపోయాడు.

ఆపిల్ జామ్ రాసిన బిస్కెట్లు గుడ్డలో చుట్టి ఇస్తూ ఆమె టావిస్ చెవిలో అంది: "ఏం వినబడినా వినబడలేదని చెప్పు నాయనా. ఈ ఏటితో మానేస్తాడు. నీకు పుణ్యముంటుంది."

ఆ లోయలో డెంజిల్‌ని ఎరగనివాళ్ళు లేరు. మీసాలు రాకముందే దుంగల మిల్లులో చేరి, ముసలయ్యేదాకా రంపం పక్కనే నిలబడ్డాడు. రంపం ఆయన వేళ్ళ జోలికి రాలేదు గాని చెవుల్ని నమిలేసింది. ఉరుము వినగలడు, ట్రక్కు వినగలడు, పాస్టర్ గారి కేకలు వద్దన్నా వినబడతాయి. సన్నటివన్నీ పోయాయి. పెళ్ళి చేసుకోలేదు. టావిస్ కాలేజీ వదిలేసి మిల్లుకొచ్చినప్పుడు "ఎందుకు మానేశావురా" అని అడగనివాడు ఆయనొక్కడే. స్నేహం అక్కడ కుదిరింది.

రోలీ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. శరత్కాలపు టర్కీ వేటకి ఒకటే కట్టడి: గుంపును చెదరగొట్టినచోటే కూర్చుని పిలవాలి, పక్షి గొంతు వినబడిన వైపు మాత్రం నడవకూడదు, అక్కడ కూస్తున్నది ఇంకో వేటగాడూ కావచ్చు. చెదిరిన పక్షుల గొంతు వెంట దూరం పోయిన రోలీ, తిరిగొస్తూ అన్నను ఆటపట్టిద్దామని నోటితో టర్కీ పిల్లలా కూశాడు. వాడు కూస్తే మూడో కూతకి గొంతు ఎప్పుడూ పగిలేది. డెంజిల్‌కి ఆ తేడా తెలుసు. అయినా లారెల్ పొదల్లో ఎరుపు కదిలింది. కాల్చాడు. అది తమ్ముడి నెత్తిన టోపీ.

ఆ తర్వాత ఆయన తుపాకీ పట్టలేదు. కొండ మాత్రం మానలేదు.

బీచ్ అనే అడివి చెట్ల కింద టర్కీల గుంపు కనబడగానే డెంజిల్ అన్నాడు: "తుపాకీ కింద పెట్టు. అరుచుకుంటూ వాటి మీదికి పరిగెత్తు."

"పిచ్చా బాబాయ్? కాల్చొద్దూ?"

"గుంపులో ఉన్నదానికి నీతో ఏం పనిరా? తల్లొక దారి, పిల్లలొక దారి పోవాలి. ఒంటరైతేనే పిలిస్తే వస్తుంది."

టావిస్ కేకలేస్తూ పరిగెత్తి, వేరు తట్టుకుని బోర్లా పడ్డాడు. పక్షులు నలుదిక్కులా లేచిపోయాయి. "భయపడి కాదురా, నిన్ను చూసి జాలిపడి పోయాయి," అని డెంజిల్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

టావిస్ తుపాకీ తెచ్చుకున్నాక ఇద్దరూ లావుపాటి చెట్టుకు వీపులానించి కూర్చున్నారు. టర్కీ పెట్ట రెక్క ఎముకలతో చేసిన చిన్న బూర జేబులోంచి తీశాడు డెంజిల్. దాన్ని ఊదరు, పెదాల మధ్య పెట్టి గాలి లోపలికి పీలుస్తారు. కీ... కీ... కీ... తల్లి కోసం తప్పిపోయిన పిల్ల ఏడ్చినట్టుంది. చెల్లాచెదురు చేసిందీ తామే, ఏడుస్తూ పిలుస్తున్నదీ తామే.

ఎదుట ఒక పక్షి మెడ సాచి ఆకుల్లోంచి బయటికొచ్చింది. అందేంత దగ్గర. టావిస్ తుపాకీ లేచింది.

అప్పుడే పైన లారెల్ పొదల్లోంచి జవాబొచ్చింది. కీ... కీ... మూడోది పగిలింది.

ఎండుటాకుల మీద ఒక అడుగు. ఇంకొకటి. ఆగింది. టర్కీ నడక మనిషి నడకలాగే ఉంటుందని మిల్లులో అందరూ అనేదే. ఆ సంగతి టావిస్ తనకు తాను రెండుసార్లు చెప్పుకున్నాడు. ఎదుటి పక్షి కూడా పొదలకేసి తల తిప్పి కొయ్యబారిపోయింది. తుపాకీ గొట్టం దానంతటదే అటు తిరిగింది. వేలు బిగుసుకుంది.

డెంజిల్ అరచెయ్యి గొట్టం మీద పడి నేలకి నొక్కింది. "తల కనబడిందా?"

"లేదు."

"కనబడనిదాన్ని కాల్చకు."

ఆ కదలికకి పక్షి కాస్తా రెక్కలు టపటపలాడిస్తూ లోయలోకి పోయింది. డెంజిల్ దాన్ని చూడనే లేదు. టావిస్ పెదాలనే చూస్తున్నాడు, మాట అక్కడ పుడితే తప్ప తనకి అందదన్నట్టు.

"చెప్పు. పలికాడా?"

వెస్టా అత్త మాట నాలుక చివర ఉంది. ఒక్క అబద్ధం ఆడితే ముసలాయన ఈ పూటతో కొండ దిగిపోతాడు. కానీ ఆ కళ్ళ ముందు అది నోరు దాటలేదు.

"పలికింది బాబాయ్. మూడోది పగిలింది."

డెంజిల్ ఊపిరి వదిలాడు. "ఎటు?"

టావిస్ చూపించాడు. గాలి లేదు. పొదల్లో ఒక కొమ్మ మాత్రం ఊగి ఊగి ఆగింది.

"పోయి చూద్దామా?" టావిస్ లేవబోయాడు.

"వద్దు. గొంతు వైపు నడిచే పాపిష్టి పని ఒకసారి జరిగింది, చాలు." డెంజిల్ జరిగి పక్కకొచ్చి, మోటు చెయ్యి టావిస్ అరచేతిలో పెట్టాడు. పొదల మీంచి చూపు తిప్పలేదు.

"వచ్చిన పక్షిని పోగొట్టాను, ఏమనుకోకు. ఒక్క సాయం చెయ్యరా. నేను మళ్ళీ పిలుస్తాను. వాడు పలికినప్పుడల్లా నా చెయ్యి నొక్కు."