కవర్ తాడుతో కట్టేసిన దొంగ

వినాయకుడు విఘ్నాలు తొలగిస్తాడంటారు. ధూల్‌పేట్‌లో మా షెడ్డు నిండా వినాయకులే. అయినా ఆ వానాకాలం విఘ్నం నా రూపంలోనే వచ్చి కూర్చుంది. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా గల్లీ అంతా ఇప్పటికే నవ్వేసింది.

అప్పుడు నాకు డిగ్రీ రెండో ఏడు, బుర్రకు మాత్రం ఒకటో తరగతి. టీవీలో అమ్మా నేనూ ఓ సినిమా చూశాం. అందులో ఓ కుటుంబం వంటింటి సామాన్లతోనే దొంగల ముఠాను పట్టేస్తుంది. ఆ మర్నాడే మా రంగులు కొట్టే స్ప్రే గన్ మాయమైంది. ఇంకేముంది!

"పోలీసులెందుకే, మనమే పట్టుకుందాం," అంది అమ్మ.

"నువ్వు రగ్గు కప్పు, నేను తాడుతోని కడ్త," అన్నాను నేను.

బాపు రంగులు కొనడానికి బేగంబజార్ బయల్దేరుతూ, "మబ్బు పట్టింది బిడ్డా, కవరు దిక్కు చూస్తుండు. కండ్లు ఇంక ఆరలే," అన్నాడు. మా షెడ్డుకు పైకప్పంటే విగ్రహాల మీద కట్టిన ఆ ప్లాస్టిక్ కవరే. ఆ పొద్దునే విగ్రహాలన్నిటికీ కళ్లు దిద్దాడాయన. ఆ విగ్రహాలు అమ్ముడైతేనే మాకు ఏడాదంతా పొయ్యి వెలుగుతుంది. నేను చూస్తూనే ఉన్నాను, దొంగ కోసం.

సాయంత్రం గాలి లేచింది. కిటికీలోంచి చూద్దును కదా, ఒకడు పక్క గోడ దూకి మా విగ్రహాల మీది కవరు అంచు పట్టుకుని గుంజుతున్నాడు!

ఇద్దరం ఉరికాం. అమ్మ వెనకనుంచి రగ్గు ముసుగేసింది. మరి తాడేదీ? సినిమాలో వాళ్లకు అన్నీ చేతికందుతాయి. నా చేతికి అందింది కవరు కట్టిన తాడే. ఠక్కున ఊడదీసి వాణ్ని స్తంభానికి బిగించేశాను.

"అరే, కవరు! ముందుగాల కవరు కట్టుండ్రి!" అని రగ్గులోంచి అరుపు.

"దొంగలంతా గిట్లనే మాట మారుస్తరు," అన్నాను పెద్ద ఇన్‌స్పెక్టర్‌లా.

"ఏం లొల్లి వీనిది!" అంటూ అమ్మ నా చున్నీ లాగి, రగ్గు మీదుగానే వాడి మూతికి చుట్టేసింది.

అప్పటికే కవరు ఎగిరి గల్లీలో పడింది. వాన దంచడం మొదలుపెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారట, మేం రంగులు కారాక కవరు పట్టుకున్నాం.

బాపు వచ్చేసరికి కళ్లన్నీ కరిగి తొండాల మీదికి జారాయి. ఆయన చున్నీ, తాడు విప్పి రగ్గు లాగాడు. లోపల కాక! బాపు సొంత తమ్ముడు. షెడ్డు పంపకాల్లో కొట్లాడి, మధ్యలో గోడ లేపి, మూడేళ్లుగా మాతో మాటల్లేని మనిషి. మా కవరు గాలికి లేస్తుంటే చూడలేక, పౌరుషం పక్కన పెట్టి కట్టడానికి వచ్చాడు.

"తమ్మీ... నువ్వా?"

"మస్తు హుషారున్నది అన్నా, నీ బిడ్డ," అన్నాడు కాక మణికట్లు రుద్దుకుంటూ. విగ్రహాల వైపు చూశాడు. "కండ్లు మంచిగ దిద్దినవ్. అన్నీ పాయె." అంతే, వెళ్లిపోయాడు.

స్ప్రే గన్ మా అటక మీదే దొరికింది. "తుప్పు పడ్తదని నేనే పెట్టిన, యాది మరిచిన," అంది అమ్మ. ఆమె మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. నా మీద నాకున్నది అంతకు రెండింతలు. మళ్లీ రంగులేద్దామంటే పండగ నెత్తి మీదికొచ్చింది. ఏడుపు ముఖం వినాయకుణ్ణి ఎవరు కొంటారు? ఆర్డర్లన్నీ వాపసు పోయాయి. కాక గోడను ఇంకాస్త ఎత్తు లేపాడు.

అందుకే, కారిపోయిన ఆ కళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఆ గోడ దూకి ఎవరొచ్చినా పట్టుకోను, కట్టను, అరవను. కావాలంటే నిచ్చెన కూడా నేనే వేస్తాను. మబ్బు పట్టినప్పుడల్లా గోడ వైపే చూస్తుంటాను. కాక ఒక్కసారి దూకితే చాలు.