నేను చుట్టిన మోటారు, సుభద్ర గారి మీద పడిన తప్పు

2007 వానాకాలం. నాచారం పారిశ్రామికవాడలో నాది మోటార్ రీవైండింగ్ షాపు. కాలిపోయిన మోటారులోంచి పాత రాగి తీగ పీకేసి కొత్తది చుట్టడం మా పని. బోరు మోటార్లు, గ్రైండర్లు, కూలర్లు చుట్టీ చుట్టీ విసుగెత్తిన నా బల్ల మీద ఒకరోజు సుభద్ర గారు ఒక కొత్తరకం పంపు తెచ్చి పెట్టారు.

"గిదేం పంపమ్మా? బోరుది గాదు, కూలర్‌ది గాదు."

"హాట్ టబ్‌దండీ. వేడినీళ్ళ తొట్టి. ఇది తిరిగితే చుట్టూ ఉన్న జెట్లలోంచి నీళ్ళు జోరుగా కొడతాయి. మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళు అందులో కూర్చుంటే భయం లేకుండా కాళ్ళు కదుపుతారు."

ఆవిడ ఫిజియోథెరపిస్టు. భీమవరం వైపు నుంచి వచ్చి, ఉప్పల్‌లో తన బావగారి ఇంటి కింది భాగంలో చిన్న క్లినిక్ నడుపుతున్నారు. అన్నోజిగూడ దాటాక మూతపడిన ఒక రిసార్టులో ఆ టబ్బు కొన్నారట.

అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రమే స్కూటరేసుకుని ఆవిడ క్లినిక్‌కి వెళ్ళాను. టబ్బు పక్క పలక తీసి చూపించగానే నాకు పండగైంది. లోపల గొట్టాలు, వాల్వులు, హీటరు, గాలి ఊదే బ్లోయరు, ఒకదాన్లోంచి ఒకటి! ఇంకా ఆశ్చర్యం, సగం పని ఆవిడే చేసేశారు. బోరునీళ్ళ ఉప్పు పేరుకున్న జెట్లు వెనిగర్‌లో నానబెట్టి శుభ్రం చేశారు. కారుతున్నచోట రబ్బరు రింగులు మార్చారు. రాణీగంజ్ నుంచి తెచ్చి హీటర్ ఎలిమెంట్ కూడా తనే బిగించారు.

"గివన్ని మీరే జేసిన్రా? మరి మేం షాపులు బందు జేస్కోవాల్నా ఏందమ్మా?" అన్నాను నవ్వుతూ. ఆ నవ్వులో కొంచెం మంట కూడా ఉంది.

"వచ్చినవి చేసుకున్నానండీ. మోటారు చుట్టడం నాకు రాదు. అందుకే మీ దగ్గరికొచ్చాను."

బావగారు సత్యనారాయణ గారు రిటైరైన గుమాస్తా. గుమ్మంలో నిలబడి ఆయన తన మాట ముందే చెప్పేశారు. "నీళ్ళూ కరెంటూ ఒకచోట! మెకానిక్ బాగుందంటేనే ఇది ఇక్కడుంటుంది. లేదంటే తీయించేస్తాను. చెప్పేశానమ్మా."

అంటే ఆ టబ్బు ఉండటం, పోవడం నా మాట మీదే.

తీగ చుట్టడం అయ్యాక మోటారును వార్నిష్‌లో ముంచి వేడిలో ఆరబెట్టాలి. వానాకాలంలో దానికి ఒక రోజు పూర్తిగా పడుతుంది. టబ్బు ఎప్పుడు తిరుగుతుందా అన్న ఆత్రంలో నేను సగం రోజుకే బయటికి తీసేశాను. సీరీస్ బల్బుతో పరీక్షించాను. తీగకీ మోటారు ఒంటికీ మధ్య బల్బు పెడితే, కరెంటు లీకైతే అది వెలగాలి. వెలగలేదు. కొద్దిపాటి లీకుకి బల్బు వెలగదని, దానికి మెగ్గర్ అనే మీటరు పెట్టి చూడాలని నాకు తెలుసు. నా దగ్గర అది లేదు. పక్క షాపులో ఉంది. వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున ట్రయల్. మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ఒక టీచరమ్మ తువ్వాలుతో సహా సిద్ధంగా కూర్చున్నారు. స్విచ్ వేశాను. ఠప్పని ఇ.ఎల్.సి.బి. పడిపోయింది. కరెంటు పక్కదారి పడితే తనంతట తానే ఆగిపోయే స్విచ్ అది. మళ్ళీ వేశాను. మళ్ళీ పడింది.

"ఫికర్ లేదు, డైరెక్ట్ ఇస్త" అన్నాను. ఆ రోజుల్లో మా మెకానిక్‌ల నోట్లో ఎప్పుడూ ఉండే మాట అది. అడ్డొచ్చే స్విచ్‌ను పక్కనపెట్టి లైను నేరుగా కలపడం.

కలిపాను. పంపు పాడింది! అన్ని జెట్లూ ఒక్కసారి కొట్టాయి, నీళ్ళు తెల్లగా నురగలెత్తాయి. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. టీచరమ్మ లేచి రెండడుగులు వేశారు.

"ఆగండి!" అన్నారు సుభద్ర గారు. టబ్బు ఇనుప కమ్మీకి టెస్టర్ ఆనించారు. ఎర్రగా వెలిగింది. ఆవిడ పరుగున వెళ్ళి మెయిన్ కట్టేశారు.

 సత్యనారాయణ గారు నా వైపు తిరిగారు. "నిజం చెప్పవయ్యా. తప్పు నీ పనిలోనా, ఆవిడ పనిలోనా?"

"ఒక్కో వైరూ విప్పి చూద్దాం బావగారూ, పది నిమిషాల్లో తేలిపోతుంది" అన్నారు సుభద్ర గారు.

"నేనడిగింది మెకానిక్‌ని."

ఆరని వార్నిష్ నా కళ్ళముందు మెదిలింది. అయినా అన్నాను. "హీటర్ సార్. అమ్మ బిగించిన్రు గదా. తెల్వని పని జేస్తే గిట్లనే అయితది."

టబ్బు వెనక వరండాలో టార్పాలిన్ కిందికి పోయింది. పంపు నువ్వే ఉంచుకో అన్నారు బావగారు. షాపుకు తెచ్చి విప్పితే వార్నిష్ నా వేలికి అంటుకుంది. అప్పుడు పక్క షాపు మెగ్గర్ తెచ్చి పెట్టాను. ముల్లు సున్నా దగ్గర నుంచి లేవలేదు, అంటే లీకు నేను చుట్టిన తీగలోదే. ఆ పంపును అటక మీద పెట్టి నోరు మూసుకున్నాను.

రెండేళ్ళ తర్వాత సుభద్ర గారు మళ్ళీ షాపుకొచ్చారు. చేతిలో, నొప్పులున్నచోట పూసే మైనం కరిగించే చిన్న పెట్టె. అందులో ప్లగ్ వైరు ఊడింది, అంతే.

"గింత దానికి నాచారం దాకా వచ్చిన్రా అమ్మా?"

"మా ఇంట్లో నన్ను ఫ్యూజు కూడా ముట్టుకోనివ్వడంలేదండీ. టబ్బు సంగతి చెప్పి నవ్వుతారు."

అటక మీది పంపు దించి ఆవిడ ముందు పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"నా పేరు పోయిందని కాదు యాదగిరి గారూ. ఆ రోజు టీచరమ్మ కమ్మీ పట్టుకుని ఉంటే? అప్పుడు కూడా హీటరే అనేవారా?"

ఆవిడ పంపును నా వైపు తోశారు.

"ఈ మాట నాకు కాదు, మా బావగారికి చెప్పండి. ఇప్పుడే."

వెళ్ళి చెప్పాను. సత్యనారాయణ గారు కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పది నిమిషాలు అడిగింది. నేనే ఇవ్వలేదు" అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని, "టార్పాలిన్ తియ్యమ్మా" అన్నారు.

ఆ వారమంతా నాకు కాళ్ళు నేలమీద లేవు! తీగ మళ్ళీ చుట్టాను. వార్నిష్ రెండు రోజులు ఆరబెట్టాను. సొంతంగా మెగ్గర్ కొన్నాను. లీకైన కరెంటు భూమిలోకి పోయేలా ఎర్త్ గుంత కొత్తగా తవ్వించి, ఇ.ఎల్.సి.బి. తిరిగి లైనులో పెట్టాను. గొట్టాలు, రింగులు, జెట్లు మళ్ళీ సుభద్ర గారే చూసుకున్నారు. ఆవిడ పని నేను, నా పని ఆవిడ పరీక్షించాం. స్విచ్ పడలేదు. టెస్టర్ వెలగలేదు. ఈలోగా రెండో మోకాలికీ ఆపరేషన్ అయిన టీచరమ్మ కబురందుకుని తువ్వాలుతో వచ్చేశారు.

"ఇంక దిగుతరా అమ్మా?" అన్నాను ఆవిడతో.

"ఆవిడ కాదు" అన్నారు సుభద్ర గారు. "ముందు మీరు దిగండి."

చొక్కా విప్పి కమ్మీ పట్టుకున్నాను. నేను చుట్టిన మోటారు, నేను లాగిన వైరు. అయినా కాలు నీళ్ళలో పెట్టేముందు ఒక్క క్షణం ఆగాను. ఇన్నేళ్ళూ నేను చేసిన పనుల్లోకి ఎంతమంది ఇలా నమ్మి కాలుపెట్టారో అప్పుడు తోచింది. దిగాను. ఆవిడ స్విచ్ వేశారు. నీళ్ళు వీపుకు దబదబా కొట్టాయి.

"ఎలా ఉందయ్యా?" అన్నారు బావగారు.

"మస్తుంది సార్!"

"అయితే ఇంక లేవయ్యా, ఆపరేషన్ అయింది నా మోకాళ్ళకా, నీ వీపుకా!" అని టీచరమ్మ కసిరారు.

సుభద్ర గారు బిగించిన హీటరులో ఆ మొదటిరోజూ తప్పు లేదు, తర్వాతా రాలేదు. ఈ మాట అచ్చులో ఉండాలనే ఇదంతా రాశాను.

ఇలాంటి టబ్బు రిపేరు సొంతంగా చేసుకోవచ్చా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. జెట్లు, ఫిల్టర్లు, రింగులు మీరే చూసుకోండి. మాకన్నా ఓపికగా చేస్తారు. మోటారుకీ వైరుకీ తెలిసినవాణ్ణి పిలవండి. పని అయ్యిందని అతను చెప్పగానే, నీళ్ళలోకి ముందు అతన్నే దిగమనండి. వెనకాడాడా, మోటారు మళ్ళీ విప్పించండి.