పెదనాన్న చెప్పని కరెంటు

మొన్న ఆదివారం పిఠాపురం నుంచి వచ్చిన మా అన్నయ్య కూతురు, అటక మీది పెదనాన్నగారి పాత ఫ్లాష్ దింపి, దుమ్ము తుడిచి, సెల్స్ వేసి, తన కొత్త డిజిటల్ కెమెరా నెత్తిన ఎక్కించబోతుంటే నేను వేసిన కేకకు వీధిలో స్కూటర్ మీద పోతున్నాయన బండి ఆపేశాడు. "ఏంటి బాబాయ్, పాముందా అక్కడ?" అంది ఆ పిల్ల. పామైతే ఇంత కోపం రాదు. పాముకు కోరలున్నాయని అందరికీ తెలుసు. ఈ ఫ్లాష్‌కు కోరలున్నాయని తెలిసిన మనిషి మాత్రం నాకు చెప్పలేదు. ఇరవై ఏళ్లయినా ఆ మంట ఆరలేదు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఫ్లాష్ వెలిగితేనే ఫోటో తీసినట్టు. రీలు అయిపోవస్తుంటే బంతిలో కూర్చున్న చుట్టాలకు ఉత్త ఫ్లాష్ కొట్టి ఊరుకునేవాళ్లం, వాళ్లేమో చేతిలో ముద్ద ఆపి మరీ నవ్వేవారు. ఫోటో స్టూడియో నడిపే మా పెదనాన్న ఫ్లాష్ సామాన్యమైంది కాదు. రాజమండ్రిలో కొడితే ఏటికి అవతల కొవ్వూరులో కోళ్లు తెల్లారిందనుకుని కూసేవి, నమ్మనివారు ఆ కోళ్లనే అడగొచ్చు. దాన్ని కెమెరాకు తగిలించేటప్పుడు ఆయన వేలు చురుక్కుమని చెయ్యి విదిలించుకోవడం ఎన్నోసార్లు చూశాను, ఎందుకని మాత్రం అడగలేదు. ఆయన దగ్గర పని చూసి నేర్చుకోవాలి, అడిగితే పొగరు.

అలాంటి పెదనాన్న మా వీధిలో అందరికంటే ముందు డిజిటల్ కెమెరా కొని, ధవళేశ్వరంలో ఒక రైతుగారి అమ్మాయి పెళ్లికి నన్నొక్కణ్ణే పంపారు. ముప్ఫై దగ్గరపడుతున్న నాకు సొంతంగా అప్పగించిన మొదటి పెళ్లి అదే. కెమెరాలోనే ఉన్న ఫ్లాష్ మిణుగురంత. జీలకర్ర బెల్లం దగ్గరే పెళ్లికూతురి తాతగారు గొంతెత్తారు: "ఏమండోయ్ ఫోటో బాబుగారూ, అగ్గిపుల్ల గీస్తున్నారేంటండి? ఇది పెళ్లండి, దొంగతనం కాదండి!"

పందిరంతా నవ్వింది. ఒళ్లు మండి, సంచిలో అలవాటుగా తెచ్చుకున్న పెదనాన్న పాత ఫ్లాష్ తీసి కెమెరా మీద ఎక్కించాను. మొదటి మెరుపుకు తాతగారు "అదీ!" అన్నారు. తర్వాతవీ బాగానే వెలిగాయి. గట్టిమేళం అందుకుని, పెళ్లికొడుకు మంగళసూత్రం ముడి వేస్తున్న క్షణాన నొక్కితే ఫ్లాష్ వెలగలేదు, కెమెరా తెర నల్లబడింది, బ్యాటరీ తీసి పెట్టినా చలనం లేదు. ఇంతలో మూడు ముళ్లూ పడిపోయాయి. మళ్లీ కట్టించండి అనడానికి అదేమైనా పూలదండా?

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. చచ్చిన కెమెరాను కంటికి ఆనించుకుని, ఫ్లాష్ వెనకాల మీట నొక్కుతూ, తలంబ్రాలు పూర్తయ్యేదాకా ఉత్త మెరుపులు మెరిపించాను. తాతగారు పిలిచి మరీ తాంబూలం ఇచ్చారు.

స్టూడియోకి తిరిగొచ్చాక పెదనాన్న కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి, ఫ్లాష్ వంక చూసి, "అది కరుస్తుందని తెలుసురా, పాత కెమెరాలు ఓర్చుకున్నాయి, ఇదీ ఓర్చుకుంటుందనుకుని ఉంటానేమో" అన్నారు తాపీగా. కరుస్తుందన్న ఆ ఒక్క మాట ముందే అంటే ఆయన సొమ్మేం పోయేది? అడగడానికి నాకేం రోగం?

అందుకే మొన్న ఆ పిల్లను కూర్చోబెట్టి, తిట్టుకుంటూనే అన్నీ చెప్పాను. ఫ్లాష్ ఆన్ చేసి, సిద్ధమైనట్టు దీపం వెలిగాక, మల్టీమీటర్‌ను డీసీలో పెట్టి, ఒక మొన ఫ్లాష్ పాదం కింది నడిమి బొడిపెకు, రెండోది పక్కనున్న లోహానికి వేళ్లు తగలకుండా ఆనించమన్నాను. రెండు వందల వోల్టులు దాటింది, అదంతా కెమెరాలోకి ఎక్కితే లోపలి భాగాలు కాలిపోతాయి. తన కెమెరా ఎంత ఓర్చుకుంటుందో తయారుచేసిన వాళ్లనే అడగాలి, తెలియకపోతే ఆరు వోల్టులు దాటినదేదీ పైన పెట్టకూడదు. ఇలాంటిదాన్ని దూరంగా స్టాండు మీద నిలబెట్టి, ఇంకో ఫ్లాష్ మెరుపు చూడగానే దీన్ని వెలిగించే వెలుతురు కన్ను, ఆ వోల్టేజీకి తగినది, తగిలించి, కెమెరాలోని చిన్న ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పెట్టి దాని వెలుగుతో దీన్ని వెలిగించుకోవాలి. తీగ అక్కర్లేదు. విప్పి చూద్దామన్న సరదా అసలే వద్దు, ఆపేసినా లోపల కరెంటు దాగి ఉంటుంది. ఆ పిల్ల ప్రతిదానికీ "ఎందుకు?" అంది. ఆ ప్రశ్న నాకు ముప్ఫై ఏళ్లొచ్చినా నోట రాలేదు.

ఆ పెళ్లయ్యాక తాళి ఫోటో కోసం తాతగారు మా స్టూడియో మెట్లు అయిదుసార్లు ఎక్కారు. పిడుగు పడిందన్నాను, లాబులో వరద అన్నాను, కోతి ఎత్తుకుపోయిందని కూడా అన్నాను. ప్రతిసారీ ఆయన "అలాగాండి, మళ్లీ వస్తానండి" అనేవారు. ఆరోసారి ఆయన కొడుకు వచ్చి, నాన్నగారు పోయారు, దండ వేయడానికి ఆయన ఫోటో ఏదైనా ఉందా అని అడిగాడు. జీలకర్ర బెల్లం నాటి మెమరీ కార్డులో వెతికితే, ఆయన నన్ను చూసి నవ్వుతున్నది ఒక్కటి దొరికింది.

ఇప్పుడు తాళి కడుతుంటే యాభై ఫోన్లు లేస్తాయి, ఏదీ పోదు, మంచిదే. కానీ ఒక్క ఫోటో కోసం అన్నిసార్లు మెట్లెక్కే మనిషీ లేడు, నిజం చెబుతానంటే వినడానికి ఆ తాతగారూ లేరు.